కోత మిషనుకూ వంతు ఉండాలి

తెనాలి, పొన్నూరు, రేపల్లె వైపు పల్లెల్లో కార్తీకం వెళ్ళి మార్గశిరం వస్తోందంటే రైతుకు కంటిమీద కునుకుండదు. చేను పండి తల వాల్చి ఉంటుంది. ఆకాశాన్ని నమ్మడానికి లేదు. కూలీలు దొరకరు. ఇక మిగిలింది కోత మిషను. యజమానికి ఫోను చేస్తే ఏటా వచ్చే జవాబు ఒకటే. "ఎల్లుండి వచ్చేస్తాం బాబాయ్. నీ చేను మా చేను కాదా!" ఆ ఎల్లుండి ఏ రోజో చెప్పే నాథుడుండడు.

కాలవ నీళ్ళకు వంతు ఉంది. పై చేనుకు ఎప్పుడు, కింది చేనుకు ఎప్పుడు అని ఊరందరికీ తెలుసు. తప్పితే గట్టు మీద నలుగురూ నిలబడి అడుగుతారు. అంతకంటే ఖరీదైన కోతకు మాత్రం నోటి మాటే ఆధారం.

2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వచ్చినప్పుడు ఈ నోటి మాట ఎంత పని చేసిందో ఓ కౌలు రైతు చెప్పాడు. ఆయనకు ఎకరన్నర సాంబమసూరి. తుపాను వస్తోందని తెలియగానే, డిసెంబరు 1న మిషను యజమానికి ఫోను చేశాడు. ఆదివారం పొద్దున్నే వస్తామన్నారు. ఆదివారం మిషను వచ్చింది, కానీ పక్క డొంకలో పదెకరాలకు పోయింది. సోమవారం ఫోను ఎత్తలేదు. 5వ తేదీ మంగళవారం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. నీళ్ళు తగ్గాక చూస్తే చేను నేలకు కరుచుకుని ఉంది. కంకులు మొలకెత్తాయి. కౌలు మాత్రం ఎప్పటిలాగే కట్టాడు.

"ఆయన అబద్ధం ఆడాడని నేననను. కానీ నా పేరు ఎక్కడ రాసుకున్నాడో ఆయనకే తెలీదు" అన్నాడు ఆ రైతు.

ఆ మాట నిజమేనా అని మిషను యజమానిని అడిగాము. పేరు రాయొద్దన్నాడు కానీ దాపరికం లేకుండా చెప్పాడు. ఆ ఆదివారం పొద్దుటి పూటకు ముగ్గురికి మాట పోయింది. ఒకరికి తను ఇచ్చాడు, చొక్కా జేబులోని చిన్న పుస్తకంలో రాశాడు. ఇంకొకరికి చేలో ఉండగా డ్రైవరు ఇచ్చాడు, అది రాయనే లేదు. మూడో ఆయన ఇంటికి వస్తే ఇంట్లో ఆడవాళ్ళు క్యాలెండరు మీద గీసిపెట్టారు. సాయంత్రం ముగ్గురూ ఒకచోట కూర్చుని మాట్లాడుకునే తీరిక సీజనులో ఎక్కడిది? ముగ్గురిలో ఎవరు గట్టిగా అడిగితే వాళ్ళ చేలోకి మిషను దిగింది.

2024 సీజను నుంచి ఆయన పద్ధతి మార్చాడు. జేబు పుస్తకం పక్కన పెట్టి ఫోనులోని క్యాలెండరు మొదలుపెట్టాడు. ఇంట్లో వాళ్ళకూ డ్రైవరుకూ అదే క్యాలెండరు కనిపించేలా చేశాడు. ఇందులో ఏం లాభం, ఎక్కడ తిరకాసు అన్నది మిషను ఉన్నవాళ్ళకే కాదు, మిషను కోసం ఎదురుచూసే సన్నకారు రైతుకూ తెలిసి ఉండాలి.

ఒకచోట రాస్తే మూడుచోట్ల కనబడాలి

మనకు క్యాలెండరు కొత్త కాదు. గోడ మీది క్యాలెండరులో తిథి, వర్జ్యం చూస్తాం. పాల లెక్క, కూలీలు వచ్చిన రోజులు, గ్యాసు బండ మార్చిన తేదీ రాస్తాం. ఫోను క్యాలెండరూ ఇలాంటిదే. అయితే గోడది ఆ గోడకే కనబడుతుంది. ఫోనులోది, సరిగ్గా పెట్టుకుంటే, ఒకరు రాయగానే మిగతావాళ్ళ ఫోనుల్లోకీ వెళుతుంది. దీన్నే సింక్ అంటున్నారు.

చాలా ఆండ్రాయిడ్ ఫోనుల్లో గూగుల్ క్యాలెండరు ముందే ఉంటుంది. బొమ్మ మీద 31 అంకె కనబడుతుంది. డబ్బు కట్టక్కర్లేదు, జీమెయిలు ఖాతా ఒకటి ఉంటే చాలు. కింద కుడివైపు ఉన్న కూడిక గుర్తు నొక్కి, 'ఈవెంట్' ఎంచుకుని రాయడమే. తెలుగులో టైపు చేయడం రాకపోతే కీబోర్డు మీది మైకు గుర్తు నొక్కి నోటితో చెప్పినా రాసుకుంటుంది. పేర్లు అప్పుడప్పుడు తప్పు పడతాయి, ఒకసారి చూసుకోవాలి.

మన యజమాని రాసే పద్ధతి బాగుంది. పైన రైతు పేరు, ఎకరాలు, చేను గుర్తు. ఉదాహరణకు ఎకరన్నర, తూర్పు డొంక, తూము పక్కన. కింద వివరాల గడిలో ఫోను నంబరు, చేను నిలబడి ఉందా పడిపోయిందా, అడుగున తడి ఉందా, గడ్డి కావాలా అన్న నాలుగు ముక్కలు. తడి ఉంటే చైను మిషను కావాలి, టైర్ల మిషను దిగబడుతుంది. గడ్డి సంగతి పశువులున్న వాళ్ళు ముందే చెప్పుకోవాలి. కోసేశాక చెబితే ఏం లాభం?

ఇక వేళ. ఇక్కడే కొత్తవాళ్ళు బోర్లాపడతారు. మనం ముగింపు వేళ మార్చకపోతే క్యాలెండరు మామూలుగా ఒక గంటే పెడుతుంది. అయిదెకరాల చేనైనా గంటలో ఇమిడినట్టు చూపించి, మిగతా రోజంతా ఖాళీ అంటుంది. నిలబడ్డ చేనైతే ఎకరానికి గంట అటూ ఇటూగా పడుతుంది. పడిపోయిన చేనైతే అంతకంటే ఎక్కువ. చేను చేనుకూ మధ్య మిషను నడిచే వేళ, ధాన్యం ట్రక్కులోకి దించే వేళ, గ్రీజు పెట్టుకునే వేళ వేరే. అందుకని రెండెకరాలకు మూడు గంటలు పెడుతున్నాడు. ఉదయం ఏడు అనుకుని సాయంత్రం ఏడు పెట్టడమూ మామూలే. రాశాక ఒకసారి ఆ రోజు పేజీ తెరిచి చూస్తే తెలిసిపోతుంది.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. ఒకే వేళకు ఇద్దరి పేర్లు రాసినా క్యాలెండరు అడ్డు చెప్పదు. రెండు పట్టీలు పక్కపక్కన చూపించి ఊరుకుంటుంది. 'ఫోనులో పెట్టాం కదా, ఇక తేదీలు కలవవు' అని ధీమాగా ఉండటానికి లేదు. మాట ఇచ్చే ముందు ఆ రోజు పేజీ తెరవాలి. అది అలవాటైతేనే ఈ పని మొదలుపెట్టాలి.

రాసేది ఒకరే

ముగ్గురి ఫోనుల్లో కనబడాలంటే ముందు ఒక పని చేయించుకోవాలి. నెట్ సెంటరులోనో, చదువుకునే పిల్లలున్న ఇంట్లోనో కంప్యూటరులో గూగుల్ క్యాలెండరు తెరిచి, 'మిషను' అని వేరే క్యాలెండరు చేయాలి. ఇంట్లో పెళ్ళిళ్ళు, ఆస్పత్రి తేదీలు ఇందులో కలపకూడదు. తర్వాత దాని సెట్టింగుల్లో ఎవరికి చూపించాలో వాళ్ళ జీమెయిలు రాయాలి. అక్కడ నాలుగు రకాల అనుమతులుంటాయి. ఖాళీ ఉందో లేదో మాత్రం చూడటం, వివరాలన్నీ చూడటం, మార్పులు చేయడం, మార్పులతో పాటు ఇతరులకు పంచే అధికారం కూడా ఉండటం. డ్రైవరుకు రెండోది చాలు. నాలుగోది యజమాని ఎవరికీ ఇవ్వనక్కర్లేదు. అవతలివాళ్ళకు మెయిలు వస్తుంది, అందులోని లింకు నొక్కితే వాళ్ళ క్యాలెండరులో చేరుతుంది. నెట్ సెంటరులో చేయిస్తే లేచే ముందు లాగౌట్ అవడం మరవొద్దు.

'పబ్లిక్' అన్న గడి జోలికి పోవద్దు. అందులో ఊరి రైతుల ఫోను నంబర్లుంటాయి.

మూడో అనుమతి, అంటే రాసే అధికారం, మన యజమాని తన భార్యకు ఇచ్చాడు. మొదటి ఏడు తనూ రాశాడు, ఆమే రాసింది. చేలో సిగ్నలు లేని చోట తను రాసింది ఫోనులోనే ఉండిపోయింది. సిగ్నలు తగిలాక గానీ ఇంటి ఫోనుకు చేరలేదు. ఈలోగా ఆమె అదే వేళను ఇంకొకరికి ఇచ్చింది. మళ్ళీ పాత కథే! మరుసటి ఏడు నుంచి రాసే పని ఆమె ఒక్కదానికే వదిలేశాడు. చేలో ఎవరు అడిగినా, "ఇంటికి ఫోను చెయ్యండి, అక్కడ రాస్తేనే లెక్క" అంటున్నాడు. డ్రైవరుకూ అదే మాట నేర్పాడు. ఈ మొత్తం ఏర్పాటులో మెచ్చుకోవలసింది ఇదే అని మా అభిప్రాయం. ఫోను ఏదైనా, యాప్ ఏదైనా, రాసే చెయ్యి ఒకటి కావాలి.

"ముందు నాతో ఎవరూ తేదీ మాట్లాడేవాళ్ళు కాదండీ, ఆయన్ని పిలవండి అనేవాళ్ళు. ఇప్పుడు నాకే చేస్తున్నారు" అంది ఆమె. పదో తరగతి దాకా చదివింది. సాయంత్రం ఏడింటికి కూర్చుని మర్నాటి రైతులందరికీ ఒక్కో ఫోను చేస్తుంది. క్యాలెండరు యజమానికి గుర్తు చేస్తుందే కానీ రైతుకు తనంతట తాను ఎస్సెమ్మెస్ పంపదు. గూగుల్ ఆ ఎస్సెమ్మెస్ సౌకర్యాన్ని 2019లోనే తీసేసింది. మీట ఫోను ఉన్న రైతుకు మాట చేరాలంటే మనిషి ఫోను చేయాల్సిందే.

రాసినవి రెండో ఫోనులో కనబడటం లేదంటే చాలాసార్లు కారణం చిన్నదే. కొన్ని ఫోనుల్లో కంపెనీ వాళ్ళ సొంత క్యాలెండరు కూడా ఉంటుంది. అందులో 'ఫోను'లోనే దాచుకునేలా రాస్తే అది ఎటూ వెళ్ళదు. ఫోను కాలవలో పడితే దానితోపాటే పోతుంది. రాసేటప్పుడు జీమెయిలు ఖాతా, 'మిషను' క్యాలెండరు ఎంచుకున్నామా అన్నది చూడాలి. సెట్టింగుల్లో సింక్ ఆపేసి ఉన్నా ఇంతే.

వాన పడితే?

వాన పడితే ఆ రోజు కోత లేదు, ఆ తర్వాత రెండు మూడు రోజులూ అనుమానమే. అప్పుడు పట్టీలన్నీ ముందుకు జరపాలి. పట్టీని వేలితో నొక్కి పట్టుకుని లాగితే వేళ మారుతుంది. అన్నీ ఒక్కసారి జరగవు, ఒక్కొక్కటీ జరపాలి. ఇది విసుగు పనే. కానీ వరస చెడదు. మంగళవారం మొదట ఉన్నవాడు శుక్రవారమూ మొదటే ఉంటాడు. మునుపు వాన వెలిశాక ఎవరు ముందు పరుగెత్తుకొస్తే వాళ్ళ చేలోకి మిషను పోయేది.

దీనితో పెద్ద చిన్న తేడా పోయిందా అని అడిగితే యజమాని నవ్వాడు. "పదెకరాల ఆసామి ఫోను చేస్తే కాదనలేమండీ. డీజిలుకు అడ్వాన్సు ఆయనే ఇస్తాడు. ఎకరం కోసం రెండు మైళ్ళు మిషను నడిపితే నాకేం మిగులుద్ది?" అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. చిన్న కమతం రైతుకు వంతు తప్పడానికి క్యాలెండరు లేకపోవడం ఒక కారణం, ఎకరన్నర కావడం ఇంకో కారణం. రెండోదానికి ఫోనులో మందు లేదు.

కానీ రైతుల దగ్గర ఉంది. మొదట చెప్పిన కౌలు రైతు, ఆయన గట్టు కలిసిన మరో అయిదుగురు కలిసి నిరుడు ఒకే పేరు మీద తేదీ తీసుకున్నారు. ఆరుగురివీ కలిపితే తొమ్మిదెకరాలు, ఒకే చెక్క. క్యాలెండరులో ఒకే పట్టీ, ఒక రోజు పైచిలుకు. వివరాల గడిలో ఆరుగురి పేర్లు, ఎకరాలు, దారి వైపు నుంచి వరస. మిషను ఆ చెక్కలో దిగితే మధ్యలో వేరే ఊరు పోదు. యజమానికి నడక ఖర్చు తగ్గింది, రైతులు పదెకరాల ఆసామితో సమానమయ్యారు.

ఇలా కలిసేవాళ్ళు రెండు మూడు సంగతులు ముందే తేల్చుకోవాలి. రకం ఒకటే అయి, నాట్లు కూడా వారం అటూ ఇటూగా పడి ఉండాలి. లేకపోతే ఒకరి చేను పచ్చిగా ఉండగా ఇంకొకరిది రాలిపోతుంది. బాడుగ గంటల లెక్కన కాబట్టి మిషను గట్టు దాటిన ప్రతిసారీ వేళ చూసి రాసుకోవాలి. యజమానితో మాట్లాడే మనిషి ఒక్కడే ఉండాలి. ఆరుగురూ ఆరు ఫోన్లు చేస్తే ఆమె మాత్రం ఎంతమందికి జవాబు చెబుతుంది?

బయటి రాష్ట్రాల నుంచి వచ్చే మిషన్లతో కూడా ఈ పద్ధతి నడుస్తుంది. వాళ్ళు ఏజెంటు చెప్పిన ఊళ్ళో నాలుగు రోజులుండి పోతారు. వాళ్ళను క్యాలెండరు పెట్టమని అడగలేం. కానీ తొమ్మిదెకరాలు ఒక చెక్కగా చూపిస్తే ఏజెంటు తేదీ ఇవ్వడానికి వెనకాడడు. ఆ తేదీని మన వైపు ఒకరు ఫోనులో పెట్టుకుంటే సరి.

యాప్‌లు, లింకులు

యంత్రాలు బాడుగకు మాట్లాడుకోవడానికి కేంద్ర వ్యవసాయ శాఖ 2019లో ఒక యాప్ తెచ్చింది. ప్రైవేటు యాప్‌లూ ఉన్నాయి. ఏ యాప్‌లో ఒప్పుకున్న పనైనా ఇంటి క్యాలెండరులోకి రాకపోతే అది నాలుగో పుస్తకం అవుతుంది. కలుపుతామని యాప్ వాళ్ళు చెబితే, సీజనుకు ముందే ఉత్తుత్తి బుకింగు ఒకటి చేసి, ఎంతసేపటికి కనబడుతుందో చూడాలి. లింకు ద్వారా కలిపిన బయటి క్యాలెండరులో మార్పులు గూగుల్‌లో కనబడటానికి 12 గంటల దాకా పట్టొచ్చు. కోతల రోజుల్లో 12 గంటలంటే ఒక రోజు పని తారుమారైనట్టే.

రైతే వచ్చి ఖాళీ వేళ ఎంచుకునే బుకింగు పేజీ కూడా గూగుల్ క్యాలెండరులో ఉంది. మామూలు జీమెయిలు ఖాతాకు ఒక పేజీ ఉచితం. అక్కడ మాత్రం నిండిన వేళను ఇంకొకరికి ఇవ్వదు. టైలరు, క్షౌరశాల, మోటారు రిపేరు వాళ్ళకు ఇది బాగా పనికొస్తుంది. డ్రోనుతో మందు కొట్టేవాళ్ళకూ కొంతవరకు నడుస్తుంది. ఎకరానికి పట్టేది నిమిషాలే, గాలి లేని ఉదయం, సాయంత్రం వేళలే కాబట్టి ముక్కలు చేసి పెట్టుకోవచ్చు. 2023లో మంజూరైన నమో డ్రోన్ దీదీ పథకంలో డ్రోన్లు తీసుకున్న మహిళా సంఘాలు దీన్ని ఒకసారి చూడొచ్చు. కోత మిషనుకు మాత్రం వద్దనే చెబుతాం. ఒకరిది ఎకరం, ఒకరిది నాలుగు. ఒకరిది ఊరికి ఈ చివర, ఒకరిది ఆ చివర. పైగా పెద్ద ఫోను లేని రైతు పేరు ఎప్పటికీ పైకి రాదు.

రైతు తన వంతుగా

మిషను యజమాని ఎలా రాసుకున్నా, మాట్లాడిన రోజే "ఏ తేదీ, ఏ పూట, నా ముందు ఎవరు" అని మూడు ప్రశ్నలు అడగండి. వాట్సాప్ ఉంటే ఆ పట్టీ ఫోటో పంపమనండి. కౌలు రైతుకు చేను గుర్తు రాయించడం మరీ ముఖ్యం, భూమి యజమాని పేరుతో వెతికితే డ్రైవరు ఇంకో చేలో దిగే ప్రమాదం ఉంది. పెద్ద ఫోను లేకపోతే గోడ క్యాలెండరు ఎటూ ఉంది. మన కౌలు రైతు ఇంట్లో ఆ తేదీ గడిలో 'మిషను, 7 గం.' అని పెన్సిలుతో రాసి ఉంది. వాన పడితే చెరిపి మార్చుకోవడానికట.

ఆ తేదీ చుట్టూ మిగతావి కూడా రాసుకోవాలి. ధాన్యం తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో ఇబ్బందే. మిషను కోసిన ధాన్యం పచ్చిగా ఉంటుంది కాబట్టి ఆరబెట్టే చోటు, పరదాలు, ట్రక్కు, గోనె సంచులు అదే రోజుకు సిద్ధం కావాలి. మిషను వచ్చి సంచులు రాకపోతే గట్టు మీద రాశి పోసుకుని కూర్చోవాలి.

తేదీ ఎప్పుడు అడగాలి? నారు పోసిన రోజే లెక్క వేయొచ్చు. సాంబమసూరి, అంటే బీపీటీ 5204, సుమారు 150 రోజుల పంట. జూలై 10న నారు పోస్తే డిసెంబరు మొదటి వారంలో కోతకు వస్తుంది. నారు పోసిన సాయంత్రమే ఫోను క్యాలెండరులో నవంబరు 10న 'మిషను మాట్లాడాలి' అని గుర్తు పెట్టుకుంటే, ఆ రోజు ఫోను మోగుతుంది. గట్టు కలిసిన రైతులతో మాట్లాడి ఎకరాలు కలుపుకోవడానికి దానికి ముందు ఇంకో వారం చూసుకోండి. ఈ ఏడు ఆ ఆరుగురూ ఎనిమిది మంది అవుతున్నారు. కొత్తగా కలిసే ఇద్దరివీ 120 రోజుల రకాలు కావడంతో వాళ్ళ తేదీ వేరుగా పెట్టాలా, వచ్చే ఏడు రకం మార్పించాలా అన్నది ఇంకా తేలలేదు.